వెనక సీట్లోంచి దొంగ సిగ్నల్

కొండదారి రెండుగా చీలిన చోట కారులో ఆడగొంతు ఒకటి తియ్యగా పలికింది.

"కొద్ది దూరంలో, కుడి వైపుకు తిరగండి."

స్టీరింగు దగ్గరున్న పైవాడు బుద్ధిమంతుడిలా ఇండికేటర్ వేసి, అద్దంలో చూసుకుని, కుడికి తిప్పాడు. ఆ దారి ఇంటికి కాదు, నిప్పులు కక్కే కొండకి పోతుందని ఆయనకి తెలీదు. ఆ మాటన్నది ఫోను కాదని అసలే తెలీదు.

అన్నది వెనక సీట్లో కూర్చున్న ఆయన భార్య.

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. పక్కనున్న కూతురు తల్లి మోకాలు గట్టిగా నొక్కింది. అవతలి పక్క చిన్నోడు నోరు తెరవబోయాడు. ముందు సీట్లోని అమ్మమ్మ వెనక్కి తిరక్కుండానే ఒక బిస్కెట్టు అందించి ఆ నోరు మూయించింది.

సంగతి ఇంతదాకా ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు ఆ గొంతు గురించి చెప్పాలి.

చాలామంది బళ్ళలో దారి చెప్పే గొంతు ఆమెదే. కూతురు ఇంకా చంకలో ఉన్న రోజుల్లో, ఒక రికార్డింగ్ స్టూడియోలో, గోడలకి స్పాంజి అతికించిన ఇరుకు గదిలో కూర్చుని నెలల తరబడి కుడులూ ఎడమలూ చదివింది. ఊపిరి తీసిన చప్పుడు వినపడకూడదు. కడుపు గుర్రుమంటే మళ్ళీ మొదటి నుంచి. "ముందు నిప్పుకొండ ప్రాంతం, జాగ్రత్తగా నడపండి" అనే వాక్యం దగ్గర మాత్రం అద్దం అవతలి సౌండు ఇంజనీరు ఆమెని పదేపదే ఆపాడు.

"భయం తగ్గించండి మేడమ్. వాళ్ళు పిక్నిక్‌కి వెళ్తున్నారు."

తగ్గించింది.

"ఇప్పుడు మరీ పక్కింటికి వెళ్తున్నట్టుంది."

"నేనెప్పుడూ చూళ్ళేదండీ, ఎలా చెప్పాలో తెలీడం లేదు."

"ఎవరు చూశారు లెండి. కానివ్వండి."

కానిచ్చింది. కానీ ఆ వాక్యం ముల్లులా లోపలే ఉండిపోయింది. ఊళ్ళో అందరికీ దారి చెప్పిన మనిషి ఇంటికీ స్టూడియోకీ పిల్లల బడికీ మధ్య తప్ప తిరిగింది లేదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆ నిప్పుకొండ అంచున నిలబడి లోపలికి తొంగి చూడాలి. ఆమె ఎవరికీ చెప్పుకోని కోరిక అది.

ఇక పైవాడి సంగతి. ఓడరేవులో పెద్ద క్రేను నడుపుతాడు. ఆకాశంలో వేలాడే గాజుగదిలో కూర్చుని, ఇల్లంత ఇనప పెట్టెల్ని ఎత్తి ఓడల కడుపులోకి దించుతాడు. అందుకే రేవులో అందరూ ఆయన్ని పైవాడు అంటారు. అక్కడ "అంతా పైవాడి చేతిలో ఉంది" అంటే దేవుడి మాట కాదు.

నిజానికి పైవాడికి పెద్దగా ఏమీ కనపడదు. ఓడ లోపల పెట్టె ఎక్కడ ఆనుతోందో కింద నిలబడ్డ సిగ్నల్‌మ్యాన్‌కే తెలుస్తుంది. వాడు చెవిలో ఎలా చెబితే ఈయన చెయ్యి అలా కదలాలి. రూలేమిటంటే, సిగ్నల్ ఒక్కడే ఇవ్వాలి. ఇంకెవరేం చెప్పినా చెవిన పెట్టకూడదు, ఒక్క మాట తప్ప. "ఆపు" అని ఎవరన్నా సరే, దారిన పోయేవాడన్నా సరే, ఉన్నపళంగా ఆపాలి.

ఆ రూల్ని ఆయన కారెక్కించాడు.

"మన సిగ్నల్ ఫోను," అని కొండ పార్కుల టూరుకి బయల్దేరేముందు గుమ్మంలో నిలబడి ప్రకటించాడు. "కుడి, ఎడమ అదే చెబుతుంది. మీరెవరూ నోరు పెట్టకూడదు. 'ఆపు' అనే హక్కు మాత్రం అందరికీ ఉంది."

"ఆ ఫోన్లో ఉన్నది నేనేగా," అందామె.

"అందులో ఉన్నంతసేపూ నువ్వు సిగ్నల్. బయటికొస్తే ప్రయాణికురాలివి."

ఆ 'ఆపు' హక్కుని దొరికిందే చాలని వాడుకున్నది అమ్మమ్మ. వెనక కూర్చుంటే కళ్ళు తిరుగుతాయని ముందు సీటు ఆవిడ ఎప్పుడో సొంతం చేసుకుంది. అక్కణ్ణుంచి జలపాతం కనపడితే ఆపు, జింక కనపడితే ఆపు, జింక కనపడకపోతే కనపడేదాకా ఆపు. మొదటి కొండ పార్కులో సగం రోజు రోడ్డు పక్కనే గడిచింది.

"ఆపు బాబూ, ఆ కోతి నన్నే చూస్తోంది."

"అది అందర్నీ చూస్తుంది అత్తయ్యా."

"కాదు, నన్ను గుర్తుపట్టింది. పొద్దున అరటిపండు ఇచ్చానుగా."

పైవాడు ఆపాడు. రూలు రూలే.

రెండో పార్కులో బురద కుతకుత ఉడికే గుంటలున్నాయి. చిన్నోడు అక్కణ్ణుంచి రానని మొండికేశాడు. మూడోదాంట్లో నిప్పుకొండే ఉంది గానీ ఎప్పుడో చల్లారిపోయింది. పైన చక్కటి చెరువు, చెరువులో పడవలు, గట్టున ఐస్‌క్రీం బండి. ఆమె అంచుదాకా వెళ్ళి తొంగి చూస్తే నీళ్ళలో తన మొహమే కనిపించింది.

"బతికున్న నిప్పుకొండ ఆఖరి రోజు," అన్నాడు పైవాడు ఐస్‌క్రీం నాకుతూ.

ఆ మాట పట్టుకుని ఆమె మిగతా ప్రయాణమంతా ఓర్చుకుంది. ఓర్పు అవసరమే మరి. మలుపు కనిపించి "కుడికండీ" అని ఆమె అంటే స్టీరింగు కదిలేది కాదు. క్షణం ఆగి ఫోను "కుడి వైపుకు తిరగండి" అనగానే తిరిగేది.

"చూశావా, ఎంత మర్యాదగా చెప్పిందో," అనేవాడు.

"అది నేనే."

"నిన్ను మర్యాదగా చెప్పొద్దని ఎవరన్నారు?"

ఆఖరి రోజు పొద్దున, హోటలు గదిలో సూట్‌కేసు మీద కూర్చుని జిప్పు లాగుతూ ఆయన తాపీగా అన్నాడు. "నిప్పుకొండ మానేద్దామేమో. రేపు పొద్దున్నే నాకు డ్యూటీ. పైగా గాలి తిరిగితే దారి మూసేస్తారట. ఏమంటావు?"

ఆమె చేతిలో చిన్నోడి చొక్కా ఉంది. దాన్ని మడిచి, విప్పి, మళ్ళీ మడిచింది.

"మీ ఇష్టం," అంది.

ఆయన నిజంగానే తన ఇష్టం అనుకున్నాడు. అందరూ బయల్దేరారు, ఇంటికి.

లోయలోకి దిగాక సిగ్నల్ పోయింది. కూతురు తన ఫోను తల్లికి చూపించి, "ఫోనమ్మ పడుకుంది," అని గుసగుసలాడింది. ఇంట్లో పిల్లలకి ఇద్దరమ్మలు, మామూలు అమ్మ, ఫోనమ్మ. పైవాడికి ఆ సంగతి తెలీలేదు. ఎండకి వేడెక్కుతోందని ఫోన్ని సీట్ల మధ్య గుంటలో బోర్లా పెట్టాడు. తెర వంక చూసే అలవాటు ఆయనకి ఎలాగూ లేదు. గొంతు కారు స్పీకర్లలోంచి, నాలుగు మూలల నుంచీ వస్తుంది.

అదిగో, అప్పుడొచ్చింది ఆ చీలిక. ఎడమకి పెద్ద రోడ్డు. కుడికి నిప్పుకొండ. ఆమె ఆలోచించలేదు. ఆలోచిస్తే జరిగేది కాదు.

ఆ ఒక్క మాటతో పని అయిపోతుందనుకుంది. అవలేదు. దారి పొడుగునా చీలికలే. ఊరందరికీ దారి చెప్పిన గొంతే గానీ ఆ గొంతు వెనక మనిషికి ఒక్క దారీ తెలీదు. బోర్డు కనిపించినప్పుడల్లా మెడ సాచి చదవడం, చదివి పలకడం. కూతురు ముందు సీట్ల మధ్యలోంచి తొంగి ముందే చూసి, ఎడమైతే తల్లి ఎడమ మోకాలూ కుడైతే కుడి మోకాలూ గిల్లుతోంది.

దారికంటే గొంతు కష్టం. ఫోన్లో ఉన్న మనిషికి కోపం రాదు. విసుగు రాదు. ఎన్నిసార్లు తప్పు తిరిగినా మళ్ళీ అదే ఓపిక. ఆ మొగుడితో అలా మాట్లాడి ఆమెకి చాలా ఏళ్ళయింది.

"ముందు గుంత ఉంది, నెమ్మదిగా వెళ్ళండి."

పైవాడు నెమ్మదించాడు. "ఇవాళెందుకో గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది," అన్నాడు.

కూతురు గిల్లడం ఆపేసింది.

"కొండల్లో గాలి పలచన బాబూ," అంది అమ్మమ్మ. "శబ్దం దగ్గరగా వినిపిస్తుంది. మీ మావగారు చెప్పేవారు."

"అలాగా అత్తయ్యా."

మావగారు జీవితంలో మేడ మెట్లు తప్ప ఏమీ ఎక్కి ఎరగరు.

చెట్లు పలచబడి, పొట్టివై, చివరికి మాయమయ్యాయి. రెండు పక్కలా నల్లటి రాళ్ళు, ఎవరో తారు పారబోసి వదిలేసినట్టు. ఎదురుగా వస్తున్న బస్సులో అందరూ ముక్కులకి మాస్కులు కట్టుకుని ఉన్నారు. కుళ్ళిన గుడ్ల వాసన లోపలికి కొట్టింది. పైవాడు అద్దంలోంచి చిన్నోడి వంక అనుమానంగా చూశాడు.

"నేను కాదు," అన్నాడు చిన్నోడు. "నాన్నా, ఆ కొండ మీద పొగ."

"సిమెంటు ఫ్యాక్టరీ అయ్యుంటుంది."

ఆ మాటంటూనే ఆయన "నిప్పుకొండకు స్వాగతం" అని రాసి ఉన్న, లారీ అంత బోర్డు పక్కనుంచి వెళ్ళిపోయాడు. దాని వంక చూడనైనా లేదు. ఆమె కళ్ళు మూసుకుంది. ఇంకొక్క కొండ మలుపు. ఆ మలుపు దాటితే గేటు.

అప్పుడు ఫోను నిద్ర లేచింది.

"వీలైన చోట వెనక్కి తిరగండి," అంది స్పీకర్లలోంచి.

ఆమె గుండె జారిపోయింది. అయినా గొంతు జారనివ్వలేదు. "తిన్నగా వెళ్ళండి," అంది.

"వీలైన చోట వెనక్కి తిరగండి."

"తిన్నగా వెళ్ళండి."

పైవాడు నొసలు ముడిచాడు. కాలు యాక్సిలరేటరు మీదనుంచి కొంచెం లేచింది.

"వీలైన చోట వెనక్కి తిరగండి," అంది ఫోను, ఎక్కడా తొణక్కుండా, బెణక్కుండా.

ఆ ఓపిక చూసి ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? తిన్నగా పొమ్మంటుంటే మధ్యలో నీ గోలేంటి?"

కారు ఆగింది.

"రెండు సిగ్నల్స్ వస్తే ఆపాలి," అన్నాడు పైవాడు. అది ఎవరితోనూ అన్నట్టు లేదు. ఇంజను ఆపి, బెల్టు తీసి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి వెనక తలుపు తెరిచాడు. "దిగు."

దిగింది. ఇద్దరూ నల్లరాళ్ళ పక్కన ఎదురెదురుగా నిలబడ్డారు.

"ఇందాకటి కుడి ఎవరిది?"

"నాది."

"ఆ తర్వాత ఎడమ?"

"అదీ నాదే."

"గుంత?"

"నాదే."

"ఫోను గుంతల సంగతి చెప్పదు," అన్నాడు తనలో తను. "అక్కడైనా నాకు బుద్ధుండాల్సింది."

ఆమెకి నవ్వొచ్చింది. కానీ ఆయన మొహం చూసి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

"ఇది ఆట కాదు," అన్నాడు. "ఆ గొంతు కుడి అంటే నేను కళ్ళు మూసుకుని కుడికి తిప్పుతాను. నా పని అలాంటిది. దొంగ సిగ్నల్‌కి మా దగ్గర మనుషులు పోతారు. ఇచ్చినవాణ్ణి ఆ పూటే ఇంటికి పంపేస్తారు."

"అందరం ఇంటికేగా పోతున్నాం బాబూ," అంది అమ్మమ్మ కిటికీలోంచి.

"మీరుండండి అత్తయ్యా."

ఆమె తల దించుకుంది. "తప్పే," అంది. మళ్ళీ తలెత్తింది. "కానీ నా నోటితో చెబితే మీరు కదలరు. అదే గొంతు ఫోన్లోంచి వస్తే కదులుతారు. నేను మాత్రం ఏం చెయ్యను?"

"ఏం చెప్పావు నువ్వు? పొద్దున నిన్ను అడిగానా, లేదా?"

"అడిగారు."

"ఏమన్నావు?"

"మీ ఇష్టం అన్నాను."

"మరి?"

"మీ ఇష్టం అంటే మీ ఇష్టమనా?"

పైవాడు దిక్కులు చూశాడు. సాయం వచ్చే దిక్కేదీ కనపడలేదు. కూతురు కిటికీలోంచి తల బయట పెట్టి, "నాన్నా, అమ్మ అలా అంటే కావాలనో, వద్దనో ఉంటుంది. నీ ఇష్టమని మాత్రం ఉండదు. చిన్నోడిక్కూడా తెలుసు," అంది. చిన్నోడు నిండు నోటితో తలూపాడు.

"నాకెందుకు తెలీదు?"

"నువ్వు పైన ఉంటావుగా."

పైవాడు బానెట్టుకి ఆనుకుని కొండ వంక చూశాడు. తెల్లటి ఆవిరి తాపీగా లేస్తోంది. అది సిమెంటు ఫ్యాక్టరీ కాదని ఆయనక్కూడా ఇప్పుడు నమ్మకం కుదిరింది.

"అంత చూడాలనుందా?"

"ఉంది."

"దేనికని?"

ఆమె స్పాంజి గోడల గది గురించి చెప్పింది. పక్కింటికి వెళ్తున్నట్టు చెప్పిన ఆ వాక్యం గురించి చెప్పింది. చూడని దాని గురించి జాగ్రత్తలు చెప్పీ చెప్పీ సిగ్గేస్తోందంది. ఇన్నేళ్ళలో ఆయనకి ఈ సంగతి చెప్పడం అదే మొదలు.

"గేటు మూసేసి ఉంటే?" అన్నాడాయన.

"మూసిన గేటు చూసి వద్దాం. ఏ గొడవా చెయ్యను."

పైవాడు ఫోన్ని తీసి ఆపేసి జేబులో వేసుకున్నాడు. "అత్తయ్యా, వెనక్కి వెళ్ళండి. సిగ్నల్ ముందు కూర్చోవాలి."

"నాకు కళ్ళు తిరుగుతాయి బాబూ."

"తిరిగితే చెప్పండి, ఆపుతాను."

అమ్మమ్మ సణుక్కుంటూ వెనక్కెళ్ళింది. కారు కదలకముందే గుర్రు పెట్టింది.

"దారి తెలుసా?" అన్నాడు పైవాడు.

"తెలీదు."

"మరి ఇంతదూరం ఎలా తెచ్చావు?"

"బోర్డులు చూసి."

"బోర్డులున్నాయా?"

గేటు దగ్గర ఖాకీ చొక్కా వేసుకున్న నడివయసు ఆడమనిషి ఒకామె, మెడలో విజిలు వేసుకుని గొలుసు అడ్డం పెడుతోంది. వీళ్ళ కారు చూసి చెయ్యి అడ్డంగా ఊపింది.

"గాలి తిరుగుతోంది. అయిపోయింది ఇవాళ్టికి."

పైవాడి కాలు బ్రేకు మీద పడిపోయింది. ఆపమంటే ఆపడమే ఆయనకి తెలిసింది. ఇంకో మాట ఎలా కలపాలో తెలీదు. పక్కనుంచి భార్య కిటికీ దించింది.

"అమ్మా, ఒక్కసారి చూసి వచ్చేస్తాం. ఇంకెప్పటికి వస్తామో తెలీదు."

గేటావిడ గొలుసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఈ గొంతు ఎక్కడో విన్నానే."

"వినే ఉంటారు. రోజూ మిమ్మల్ని ఇంటికి పంపేది నేనే అనుకుంటాను."

అర్థం కావడానికి ఆవిడకి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఊరుకోలేదు. "పోయిన వానాకాలం నన్ను చెరువులోకి పంపింది నువ్వేనన్నమాట," అంది. అంటూనే మాస్కులు చేతిలో పెట్టింది. "పిల్లలూ పెద్దావిడా కార్లోనే. మీరిద్దరూ నడవండి. విజిలు వేశానంటే ఉన్నచోటి నుంచి వెనక్కి తిరిగెయ్యాలి. ఇంకా చూళ్ళేదని నాకు చెప్పొద్దు."

నల్ల కంకర మీద కాళ్ళు జారుతుంటే ఇద్దరూ కడ్డీ పట్టుకుని ఎక్కారు. అంచు దగ్గర ఇనప కంచె. కంచె అవతల తెలుపు. పైనా కిందా ఎటు చూసినా ఆవిరే. లోపల ఎక్కడో ఏదో పెద్ద జంతువు ఊపిరి తీస్తున్నట్టు చప్పుడు.

"ఇదేనా?" అన్నాడు పైవాడు.

"ఇదే అనుకుంటాను."

"కుక్కరు మూత తీసినట్టుంది."

ఆమె కంచె పట్టుకుని కళ్ళు చికిలించి చూస్తోంది. ఆవిరి చెదరలేదు. ఇంత చేసి, దొంగ సిగ్నల్ ఇచ్చి, అబద్ధాలాడి, మొగుడితో మాట పడి, చివరికి తెల్లగోడ చూడ్డానికి వచ్చింది. స్పాంజి గోడకీ దీనికీ తేడా ఏముంది?

కింద విజిలు మోగింది.

పైవాడు తాడు పట్టి లాగినట్టు గిరుక్కున వెనక్కి తిరిగాడు. "పద," అన్నాడు.

ఆమె వినపడనట్టు నిలబడింది. ఇంకొక్క ఊపిరి. అంతలో గాలి ఒక పక్కకి ఈడ్చి కొట్టింది. ఆవిరి మధ్యకి చిరిగింది.

ఆమె నోరు తెరుచుకుంది.

చిరుగు మళ్ళీ మూసుకుంది. అంతా కలిపి రెప్పపాటు.

"చూశారా?" అంది వెనక్కి తిరిగి.

"ఏం చూడను? విజిలు వేశారుగా." అప్పటికి గానీ ఆయన ఆమె మొహం వంక చూడలేదు. చూడగానే కంచె దగ్గరికి ఒక్క అంగలో వచ్చి తొంగి చూశాడు. తెలుపు. అటు వంగాడు, ఇటు వంగాడు. తెలుపే. "కనిపించిందా? నీకు కనిపించిందా?"

రెండో విజిలు గట్టిగా మోగింది. ఈసారి కదలనిది ఆయన.

"పదండి," అని ఆమే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

కారెక్కి మొదటి మలుపు దాటాక పైవాడు ఉండబట్టలేక, "ఎలా ఉంది?" అన్నాడు.

"ఎర్రగా."

"ఎరుపని నాకూ తెలుసు. ఎలాంటి ఎరుపు?"

ఆమె ఆలోచించింది. ముందు పెట్టుకుని చదవడానికి ఎవరూ రాసివ్వలేదు. "పైకి నలుపేనండీ. పాల మీద మీగడ కట్టినట్టు నల్లటి పొర. ఆ పొర పగులుతుంటే సందుల్లోంచి ఎరుపు."

"పగిలి ఊరుకుంటుందా?"

"ఊరుకోదు. ఒక ముక్క పక్క ముక్క మీదకెక్కి మునిగిపోతుంది. ఎవరో కింద నుంచి లాగేసుకున్నట్టు."

"ఎంతుంటుంది ముక్క?"

"మీ ఇనప పెట్టె ఉంటుందే, అంత. ఇంకా పెద్దదేమో."

"చప్పుడొస్తుందా మునిగినప్పుడు?"

"రాదు. అదే భయమేసింది నాకు."

పైవాడు వేగం తగ్గించాడు. రోడ్డు వంకే చూస్తున్నాడు గానీ చెవి మొత్తం ఇటే ఉంది. వెనక చిన్నోడు ముందుకు వంగి సీటు మీద గడ్డం ఆనించాడు. కూతురు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. కారు నడకకంటే కాస్త జోరుగా కొండ దిగుతోంది.

వెనకనుంచి హారను మోగింది. గేటావిడ తన జీపులో ఇంటికి పోతూ చెయ్యి బయటపెట్టి తిడుతోంది. పైవాడు బండి పక్కకి తీసి ఆవిడకి దారిచ్చాడు.

"తర్వాత?" అన్నాడు.